నక్షత్రం కింద కట్టిన గొట్టం

మా ముత్తాత ఏడూళ్ళ దేశ్‌ముఖ్. గడీకి బురుజు ఎత్తించింది ఆయనే. మా తాత పోలీసు పటేల్. జగిత్యాల కచేరీలో ఆయన అడుగు పెడితే ఎవరో ఒకరు లేచి కుర్చీ ఇచ్చేవారు. మా నాయనకు పదవి లేదు గానీ, కోరుట్ల అంగట్లో ఆయన ఏ రోజూ బేరమాడలేదు, ఏ రోజూ సంచీ మోయలేదు. నేను జగిత్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు పాఠాలు చెప్తాను. సంచీ నేనే మోస్తాను. బేరం మాత్రం ఇప్పటికీ ఆడను.

గడీ ఇప్పుడు లేదు. మిగిలింది కోరుట్లలో ఈ పెంకుటిల్లు. అంగడికీ కోర్టు పనులకూ వచ్చినప్పుడు దిగడానికి తాత కట్టించుకున్నది. ఇందులో కొన్ని టేకు కుర్చీలు, ఒక నిలువుటద్దం, చోప్‌దారు కట్టె ఉన్నాయి. చోప్‌దారు అంటే దొర బయటికి కదిలినప్పుడు ముందు నడిచి జనం చేత దారి ఇప్పించే మనిషి. అతని చేతిలో ఉండే నిలువెత్తు కట్టెకు పొడుగునా వెండి తొడుగు, తొడుగు కొసన సింహం తల. అమ్మినవాటి గురించి మా ఇంట్లో మాట్లాడుకోం. ఉన్నవాటిని శుభ్రంగా తుడిచి పెట్టుకుంటాం.

వస్తువులు పోయినా ఒక ఆనవాయితీ పోలేదు. మా ఇంటి మనిషి ఎవరు ఊరు దాటినా, బండి కనుమరుగయ్యేదాకా బురుజు మీద ఒకరు నిలబడి చూసేవారు. తిరిగి వచ్చే రోజు మళ్ళీ ఎక్కి, దూరాన దుమ్ము లేవగానే కిందికి కేక వేసేవారు. అప్పుడు పొయ్యి మీద నీళ్ళు పెట్టేవారు. చూసే కన్ను లేకుండా మా ఇంటి పిల్ల ఎవరూ ప్రయాణం చేయలేదు. మా అక్క సిరిసిల్లకు కాపురానికి వెళ్ళిన రోజు, బురుజు లేదు కాబట్టి, మా నాయన బస్సు వెనక స్కూటర్ వేసుకుని వేములవాడ దాకా పోయాడు. బస్సు కిటికీలోంచి అక్క వెనక్కి పొమ్మని చెయ్యి ఊపింది. ఆయన దాన్ని ఇంకా రమ్మన్నట్టు తీసుకున్నాడు.

నా బిడ్డ విమానం నడపడం నేర్చుకుంటానన్నప్పుడు నేను కాదనలేదు. కూర్చుని పోయేవాళ్ళు వేలమంది; నడిపే కుర్చీలో కూర్చుంటానన్నది మా పిల్ల. అది నాకు సబబుగానే తోచింది. హైదరాబాదు అవతల ఒక శిక్షణ సంస్థలో చేరింది. రెండు సీట్ల చిన్న విమానాలు, పక్కన నేర్పేవాడు. మొదట్లో ఆ మైదానం చుట్టే తిరిగేది. వానాకాలం మధ్యలో ఒక సాయంత్రం ఫోన్ చేసింది.

"బాపు, డిసెంబర్ల నన్ను ఒక్కదాన్నే దూరం పంపుతరట. ఎక్కడికో చెప్పు సూద్దాం?"

"నువ్వే చెప్పు బిడ్డా."

"సిరిసిల్ల మీదికెళ్ళి, జగిత్యాల మీదికెళ్ళి, ధర్మపురి కాడ గోదావరి చూసి మలుపుకొని వచ్చుడు. పక్కకు ఎవ్వరుండరు. నేను, ఇంజన్, అంతే."

నాకు వెంటనే మా నాయన స్కూటర్ గుర్తుకొచ్చింది. పిల్ల ఒక్కతే పోతోంది. చూసే కన్ను ఎవరిది? ఆ రోజు నుంచి ఇంట్లో నాకు వేరే ఆలోచన లేదు.

విమానాలు ఎక్కడున్నాయో చూపించే ఆప్ ఒకటి నా ఫోన్లో ఉంది. పెద్దవి బాగా కనబడతాయి. చిన్నవి సిద్దిపేట దాటాక మాయమవుతాయి. ఎందుకని అడిగితే బిడ్డ ఇలా చెప్పింది: విమానం తనంతట తానే క్షణక్షణం తన పేరు, ఎత్తు, ఉన్న చోటు చెప్పుకుంటూ పోతుంది. చెవి ఉన్నవాడెవడైనా వినవచ్చు. ఆ చెవులు చాలావరకు మామూలు ఇళ్ళ మీద మామూలు మనుషులు పెట్టుకున్నవే. విన్నది నెట్‌లో అందరికీ పంచుతారు. పైన ఎత్తున పోయే విమానం మాట చాలా దూరం పోతుంది. కింద పోయే చిన్నదాని మాట దగ్గర్లో చెవి ఉంటేనే వినబడుతుంది. మన దిక్కు ఎవరూ పెట్టలేదు.

"అంటే మన దిక్కు బురుజు లేదు," అన్నాను.

"గట్లనే అనుకో బాపు."

కావలసినవి పోస్టులో వచ్చాయి. పెన్‌డ్రైవ్ అంత రిసీవరు, అరచేతిలో పట్టే కంప్యూటరు, దానికో చిన్న తెర, నల్ల కేబులు, జానెడు ఏంటెన్నా. ఇంత చిన్నవా అని మా ఆవిడ నిరాశపడింది. ఆ కంప్యూటరును ఎలా సిద్ధం చేయాలో బిడ్డ ఫోన్లో చెప్తుంటే నేను ఒక వేలితో కొట్టేవాణ్ణి. మా ఆవిడ వంటింట్లోంచి వినేది.

"పిల్లకు అ ఆలు మీరు నేర్పిండ్రు. ఇప్పుడు అది మీకు నేర్పుతుంది. బెత్తం ఒక్కటే తక్కువ," అనేది.

ఏంటెన్నాను ఒక ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి ఇంటి కప్పు మీద నిలబెట్టమని బిడ్డ చెప్పింది. నేను ఆ గొట్టం తెచ్చి వాకిట్లో నిలబెట్టి చూశాను. బూడిదరంగు పీవీసీ పైపు. బోరుకు వేసేది.

"గిది ఇంటి మీద పెడ్తె, బోరు ఆకాశానికి వేసిండ్రనుకుంటరు," అంది మా ఆవిడ. "అయినా కోతులు ఉంచుతయా? మొన్న డిష్ గొడుగునే వంచినయ్. పొద్దటికి గీ గొట్టం వాటి చేతుల ఉంటది."

కోతుల మాట నిజం. కోరుట్లలో పెంకుల మీద మాకన్నా వాటికే హక్కు ఎక్కువ. కానీ నాకు తగిలింది మొదటి మాట. మా ఇంటి నెత్తిన ఏదైనా నిలబడితే అది నిలబడదగ్గదై ఉండాలి. ఇప్పటికీ నా అభిప్రాయం అదే.

చోప్‌దారు కట్టెలో కట్టె ఎప్పుడో చెదలు తినేశాయి. మిగిలింది లోపల డొల్లగా ఉన్న వెండి తొడుగు. ఏంటెన్నా దానిలోకి కత్తి ఒరలోకి దిగినట్టు దిగింది. కేబులు కిందినుంచి తీశాను. కోతి వంచలేదు, వాన తడపలేదు, చూసేవాడు బోరు అనడు. బంధువులాయన ఒకరు వస్తే ఆయనతో నిచ్చెన పట్టించి మూలవాసం పక్కన నిలబెట్టాను. సాయంత్రపు ఎండలో సింహం తల మెరిసింది. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. నాకు సంతోషమైంది.

లోపలికి వచ్చి తెర చూస్తే పటం ఉంది, విమానం లేదు.

మరునాడూ లేదు. కేబులు మంచిది కాదేమోనని జగిత్యాల పోయి ఇంకోటి తెచ్చాను. ఆ తర్వాత కేబులు కొసన బిగించే పిన్నులు మార్పించాను. పైన పెద్ద విమానం గీత గీసుకుంటూ పోవడం వాకిట్లోంచి కంటికి కనిపించేది. లోపల తెర మీద మాత్రం ఖాళీ పటం. బిడ్డ ఫోటో పంపమంది. నేను తెర ఫోటో పంపాను, కప్పు మీది ఫోటో పంపలేదు. సంక్రాంతికి వచ్చినప్పుడు సింహం తలను చూసి ఆశ్చర్యపోవాలని నా ఆశ.

"అన్నీ సరిగ్గనే ఉన్నయి బాపు. మరి ఎందుకు వినవడ్తలేదో!" అని అది అక్కడ తల పట్టుకుంది. నేను ఇక్కడ పట్టుకున్నాను.

దసరా వచ్చింది. ఆ రోజు ఇంట్లో ఉన్న ఆయుధాలన్నీ కడిగి పూజలో పెట్టడం మాకు తప్పదు. ఆయుధాలంటే ఇప్పుడు కత్తిపీట, గొడ్డలి, నా కలం, మా ఆవిడ కుట్టుమిషను. వాటన్నింటికీ పైన చోప్‌దారు కట్టె. పొద్దున్నే దాన్ని కిందికి దించి, లోపలి ఏంటెన్నా బయటికి లాగి, కేబులుతో సహా బట్టలారేసే దండేనికి తగిలించాను. చింతపండుతో తొడుగు తోమాను. పూజ అయ్యాక, మా నాయన పట్టుకుపోయినట్టే, దాన్ని పట్టుకుని జమ్మికి బయలుదేరాను.

ఎదురింటాయన తన గేటు ముందు నిలబడి ఉన్నాడు.

ఆయన గురించి చెప్పాలి. వాళ్ళది మా ఊరే. వాళ్ళకు ఏ కాలంలోనూ సెంటు భూమి లేదు. ఆయన తాత మా ముత్తాతకు చోప్‌దారు. తండ్రి కూలి చేశాడు. ఈయన మేస్త్రీగా మొదలుపెట్టి ఇళ్ళు కట్టించేవాడై, మా పెంకుటింటికి ఎదురుగా మూడంతస్తులు లేపాడు. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద. మా నాయన ఆయన్ను "ఒరేయ్" అనేవాడు. నాకు ఆ మాటకు నోరు రాదు, "అన్నా" అనడం అలవాటు లేదు. అందుకని ఇన్నేళ్ళుగా ఏమీ పిలవకుండానే మాట్లాడుతూ వచ్చాను. మెడ కొద్దిగా ముందుకు వంచితే ఆయనకు అర్థమయ్యేది.

"దొరా, గిదేనా మా తాత పట్టిన కట్టె?" అని దగ్గరికి వచ్చాడు. చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. "గిది వట్టుకొని మా తాత నడిస్తె ఊరంత సప్పుడు చెయ్యకపోయేదట."

"అవును. పక్షులు కూడా అరిచేవి కావనేవారు."

"ఇంటికొచ్చినంక మా అవ్వ సప్పుడు చేసేదట. 'దొరకు తొవ్వ ఇప్పిచ్చినవ్ గని, ఇంట్లకు గింజలు ఎప్పుడు ఇప్పిస్తవ్' అని." ఆయన గట్టిగా నవ్వి కట్టె తిరిగి ఇచ్చాడు. "పో దొరా, జమ్మికి ఆలస్యమైతది. వచ్చేటప్పుడు నాకూ ఇంత బంగారం తే. మేం ఏసును మొక్కినా బంగారం వద్దనం."

జమ్మి ఆకు దసరా నాడు బంగారమే. ఆయన కోసం విడిగా కొన్ని ఆకులు కోసి జేబులో వేసుకున్నాను. తిరిగి వస్తుంటే మా వాకిట్లోంచి మా ఆవిడ కేక.

"గిటు రండ్రి! మీ డబ్బల పురుగులు వడ్డయ్!"

చెప్పులు విడవకుండానే లోపలికి పోయాను. తెర మీద పసుపురంగు విమానాలు పాకుతున్నాయి. ఒకటి నిజామాబాదు మీద, ఒకటి గోదావరి అవతల, ఇంకోటి మా నెత్తిమీదే. ఒక్కొక్కదాని పక్కన పేరు, ఎత్తు. నేను చేతిలో ఉన్న వెండి తొడుగును చూశాను. దండేనికి చొక్కా పక్కన వేలాడుతున్న జానెడు ఏంటెన్నాను చూశాను. తొడుగు తీసుకుపోయి ఏంటెన్నాకు తొడిగాను. విమానాలు ఒకటొకటిగా ఆగిపోయి మాయమయ్యాయి. తీశాను. మళ్ళీ వచ్చాయి.

బిడ్డకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"బాపు... వెండి గొట్టంల వెట్టినవా? చోప్‌దారు కట్టెల?"

"వెండి కదా, ఇంకా బాగా వింటుందనుకున్నాను."

"లోహం అడ్డం ఉంటె ఏం వినదు బాపు! గది చెవుల సీసం పోసినట్టే!" అని మొదలుపెట్టిన నవ్వు హాస్టల్ గదిలో ఉన్న ఆడపిల్లలందరికీ అంటుకుంది. వాళ్ళందరికీ మా వంశం సంగతి అప్పుడే తెలిసి ఉంటుంది. నేను కూడా నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

బూడిదరంగు గొట్టమే ఇంటి మీదికి ఎక్కింది. కోతులు రాకుండా చుట్టూ తుమ్మకంప కట్టాను. రోజూ సాయంత్రం కాలేజీ నుంచి రాగానే తెర ముందు కూర్చునేవాణ్ణి. మా ఆవిడ కూడా టీవీ మానేసి నా పక్కనే కూర్చుని, దుబాయి నుంచి వచ్చే విమానం కనబడితే "గండ్ల మన మెట్‌పల్లి పోరగాండ్లు ఉంటరు" అని చెయ్యి ఊపేది. విని నెట్‌కు పంపుతున్నందుకు మా ఇల్లు కూడా ఆ పటంలో ఒక చుక్కగా చేరింది. మన దిక్కున ఒకే ఒక చుక్క.

నవంబరులో బిడ్డ నేర్పేవాడితో కలిసి అదే దారిలో ఒకసారి వచ్చి పోయింది. నేను కాలేజీకి సెలవు పెట్టి కూర్చున్నాను. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా చూశాను. పెద్దవన్నీ కనబడ్డాయి. మా పిల్లది కనబడలేదు.

"బాపు, నేను సిరిసిల్ల దాటి జగిత్యాల దాకా అంత మంచిగనే వచ్చిన. నువ్వు సూసినవా?"

చూడలేదని చెప్పకుండా, అన్నం తిన్నావా అని అడిగాను. పక్కన మనిషి ఉన్నాడు కాబట్టి ఈసారికి ఫరవాలేదనుకున్నాను. డిసెంబరులో ఆ మనిషి ఉండడు.

కారణం వెతకనక్కరలేదు. వాకిట్లో నిలబడితే కనబడుతుంది. ఎత్తున పోయేవాటి మాట ఇళ్ళ మీదుగా దిగి వస్తుంది. కింద పోయే దాని మాట చూపులాగా తిన్నగా వస్తుంది, గోడ అడ్డం వస్తే ఆగుతుంది. సిరిసిల్ల మాకు దక్షిణం వైపు. దక్షిణాన, తూర్పు దాకా కమ్ముకుని, ఎదురింటి మూడంతస్తులు.

"ఆయన మిద్దె మీద పెట్టుకుంటే అయిపాయె," అంది మా ఆవిడ.

మా ఇంట్లో అడగడం అనే పని ఎవరూ నేర్చుకోలేదు. కబురు పెట్టేవారు, మనుషులు వచ్చేవారు. రోడ్డు దాటి ఒకరి గడపలోకి పోయి, నాకిది కావాలి అని నిలబడడం నా తండ్రి చేయగా చూడలేదు, తాత చేయగా వినలేదు.

"పోనీ కబురు పెడదామా?" అన్నాను చివరికి.

"ఎదురింటికి కబురేంది? కిటికీల నుంచి తుమ్మితె వాళ్ళు చిరంజీవ అంటరు. పోయి అడుగుండ్రి. లేకపోతే డిసెంబర్ల పిల్ల ఒక్కతే పోతది, మీరు ఖాళీ పటం చూసుకుంట కూసోండ్రి."

ఆమె మామూలుగా అన్నమాట. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

డిసెంబరు మొదటి ఆదివారం ఆయన మిద్దె మీద కర్ర నిలబెట్టి క్రిస్మస్ నక్షత్రం కడుతున్నాడు. ఎర్ర కాగితం, వెదురుబద్దలు, లోపల బల్బు. అంత ఎత్తైన కర్ర ఆ వీధిలో ఇంకొకటి లేదు. నేను చొక్కా మార్చుకుని బయటికి వచ్చి రోడ్డు మధ్యలో నిలబడ్డాను. ఆ ఇంటి మనిషితో మా ఇంటి మనిషి తల ఎత్తి మాట్లాడడం అదే మొదలు అనుకుంటాను.

"ఒక పని ఉంది," అన్నాను.

"ఏందీ?" అని పైనుంచి కేక.

"ఒక గొట్టం... నక్షత్రం కర్రకు..."

"వినవడ్తలేదు దొరా!"

కిరాణాకొట్టు మీదున్నవాళ్ళు ఇటు తిరిగారు. నేను వీపు నిటారుగా పెట్టి, పాఠం చెప్పే గొంతుతో, వీధి అంతటికీ వినబడేలా అన్నాను: "నా బిడ్డ ఒక్కతే విమానం నడుపుకుంటూ ఈ దిక్కు వస్తుంది. అది నాకు కనబడాలె. మా ఇంటి మీది నుంచి కనబడదు. మీ మిద్దె కావాలె."

ఆయన నక్షత్రం వదిలి పిట్టగోడ మీదికి వంగాడు.

"గింతేనా? మెడ వట్టుకుంటది, పైకి రా!"

మా కప్పు మీది గొట్టం దించి భుజాన వేసుకుని పోయాను. ఆయన కింది మెట్టు దాకా దిగి వచ్చాడు. నేను పక్కకు జరిగి ఆయనకు దారి ఇచ్చాను. ఆయన కదల్లేదు.

"ఊకో దొరా. మా తాత కట్టె వట్టుకొని మీ ముత్తాత ముంగట నడిచిండు. ఇయ్యాల కట్టె నీ చేతుల ఉన్నది. నువ్వే ముంగట నడువాలె, నేను ఎనకకెళ్ళి వస్త."

మెట్ల మీద ఆయన మనవరాళ్ళు నవ్వారు. నేను ముందు నడిచాను. అలాంటి కట్టె ఎలా పట్టుకోవాలో నాకు తెలుసు: నేలకు ఆన్చకుండా, వంచకుండా, ఛాతీకి జానెడు దూరంలో. అలాగే పట్టుకుని మూడంతస్తులు ఎక్కాను. వెనక ఆయన "హటో, హటో" అని మెల్లగా అంటూ వచ్చాడు.

"ఒక్కటే షరతు," అన్నాడు పైకి వచ్చాక. "నక్షత్రం కన్న పైకి కట్టొద్దు. నక్షత్రం మీద ఇంకేది ఉండొద్దు."

ఏంటెన్నాకు ఎత్తే ప్రాణం. ఎంత పైన ఉంటే అంత దూరం. ఆ కర్ర కొసకు కడితే బాగుండేది. మా వాళ్ళెవరూ ఏ కర్ర మీదా రెండో చోట తమ జెండా కట్టి ఉండరు. సరేనన్నాను. నక్షత్రం తోక కాగితాల కింద, జానెడు వదిలి, గొట్టం కట్టాం. ముడి ఆయనే వేశాడు.

ఒకసారి అడిగాక ఇంకా అడగడం సులువైంది. ప్లగ్గు కావాలన్నాను. వైఫై కావాలన్నాను.

"వైఫై పాస్‌వర్డు మా తాత పేరు," అన్నాడు.

నేను ఫోన్ పట్టుకుని ఆగాను. ఆ పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మాకు ఆయన చోప్‌దారు, అంతే. ఆయన చెప్పాడు. ఒక్కో అక్షరం నా వేలితో కొట్టాను. కలిసింది.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున మంచు కమ్మి ఉంది. బయలుదేరడం ఆలస్యమని బిడ్డ కబురు. ఎండ వచ్చాక "పోతున్న బాపు" అని ఒక్క మాట. నేను, మా ఆవిడ, ఎదురింటాయన మిద్దె మీద కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. నా చేతిలో ఫోన్, తెర మీద పటం. మా అక్క సిరిసిల్లలో వాళ్ళ మిద్దె ఎక్కి, ఇంకో ఫోన్లో లైన్ మీద ఉంది. వాళ్ళ వీధి అంతా మరమగ్గాలు, అక్కడ సాంచాలంటారు. ఫోన్లోంచి అవి దడదడలాడుతున్నాయి.

"ఏం వినవడ్తలేదురా! గీ సాంచాల మోతల పిడుగు వడ్డా తెల్వదు."

అంతలో పటం కింది అంచున ఒక చిన్న గుర్తు వచ్చింది. దాని పక్కన ఎత్తు, బిడ్డ చెప్పిన విమానం పేరు. మెల్లగా, చీమలాగా, పైకి పాకుతోంది. ఎదురింటాయన నా భుజం మీదుగా వంగాడు. నేను ఇంకో ఫోన్లోకి కేకేశాను.

"అక్కా, వస్తుంది! ఇంకా రాలేదు... ఇప్పుడు మానేరు మీద ఉన్నది... నీ నెత్తిమీదనే ఉన్నది, సూడు!"

"ఏడ? ఏడరా?" సాంచాల మోత. ఆ మీద అక్క కేక: "కనవడ్డది! అయ్యో, గింతేనా! పిట్టంత ఉన్నది! ఓ బిడ్డా! ఓ!" ఆ తర్వాత ఆమె ఎవరికో చెప్తోంది: "మా మేనకోడలు! ఒక్కతే!"

సిరిసిల్లలో ఉన్న మనిషికి విమానం ఎక్కడుందో కోరుట్లలో కూర్చుని నేను చెప్పాను. మా ముత్తాత బురుజు మీది నుంచి చూపు అంత దూరం పోయి ఉండదు.

జగిత్యాల దాకా గుర్తు తిన్నగా వచ్చింది. జగిత్యాల దాటి ధర్మపురి వైపు తిరిగింది. గోదావరి గీత దగ్గర పడింది. అక్కడ ఆగిపోయింది.

ఆగిపోయి, కాసేపటికి మాయమైంది.

మా ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఫోన్లో అక్క "ఏమైందిరా, మాట్లాడవేంది?" అంటోంది. ఎదురింటాయన ఒకసారి కర్రను కదిపి చూసి, ఈశాన్యం వైపు తిరిగాడు.

"దొరా, గా దిక్కు మంచినీళ్ళ ట్యాంకు అడ్డం ఉన్నది. మీ ఇంటికి నా మిద్దె అడ్డం, నా మిద్దెకు గా ట్యాంకు అడ్డం. నదిమీద కొంచెం కిందికి దిగి ఉంటది. మలుపుకొని ఇటు వస్తె కనవడ్తది. రాక ఏడికి పోతది?"

ఆయన అంత నిబ్బరంగా అన్నాడు గానీ, కర్ర మీది చెయ్యి తీయలేదు. నేను తెర మీది కన్ను తీయలేదు. కింద వీధిలో ఎవరో పాలకోసం బేరమాడుతున్నారు. నీడ కొంచెం జరిగింది.

గోదావరి గీతకు ఇటువైపు, ట్యాంకు దాటి, గుర్తు మళ్ళీ వెలిగింది. ముక్కు దక్షిణానికి.

"అన్నా! అగో, మలుపుకున్నది! అన్నా, సూడు!"

వీధి అంతా వినేలా అరిచింది నేనే. ఎదురింటాయన తెర చూశాడు, ఆ తర్వాత నన్ను చూశాడు.

"విమానం కనవడ్డది సరే. గిప్పుడు నన్ను ఏమన్నవ్?"

"విన్నావు కదా," అన్నాను.

"వినలేదు. మీ అక్క కూడా విననట్టుంది. మళ్ళొక్కసారి అను."

"విన్న!" అంది ఫోన్లోంచి అక్క.

ఆ చీమ వచ్చిన దారినే జగిత్యాల మీదుగా, సిరిసిల్ల మీదుగా కిందికి పోయి, పటం అంచున కలిసిపోయేదాకా చూశాం. బిడ్డ దిగానని ఫోన్ చేసేసరికి మా ఆవిడ కిందికి పోయి పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. పిల్ల వచ్చేది ఇక్కడికి కాకపోయినా పెట్టింది. ఆ నీళ్ళతో ముగ్గురం చాయ్ తాగాం.

"బాపు, సూసినవా?"

"చూసిన. ధర్మపురి కాడ కొంచెంసేపు కనబడలేదు."

"గోదావరి సూసుకుంట నర్సింహస్వామికి దండం పెట్టిన బాపు. చేతులతోని కాదు, మనసుల. చేతులు ఖాళీ లేవు."

క్రిస్మస్ అయ్యాక నక్షత్రం దించారు. గొట్టాన్ని ఇప్పుడు కొసకు జరుపుకోవచ్చని ఆయన అన్నాడు. వచ్చే ఏడు మళ్ళీ నక్షత్రం కడతారు కదా, ఉన్నచోటే ఉండనీయమన్నాను. అక్కడే ఉంది, బాగానే వింటోంది. బిడ్డకు లైసెన్సు రావడానికి ఇంకా కొన్ని గంటలు ఎగరాల్సి ఉంది, ప్రతి గంటకూ ఫీజు కట్టాలి.

చోప్‌దారు కట్టె వెండి తొడుగును జనవరిలో జగిత్యాలలో అమ్మాం. సింహం తలను విడిగా తూచారు.